49 అంగుళాల అల్ట్రావైడ్‌లో వర్చువల్‌బాక్స్: ఫుల్‌స్క్రీన్‌లో పక్కల నల్ల పట్టీలు, స్కేల్ చేస్తే అక్షరాలు మసక

కోర్లగుంట_ప్రెస్ · తిరుపతి

అందరికీ నమస్కారం. కోర్లగుంటలో మాది చిన్న డీటీపీ, ఆఫ్‌సెట్ పని. పెళ్లి పత్రికలు, జాతర కరపత్రాలు, అప్పుడప్పుడు శతకాలు, చిన్న పుస్తకాలు వేస్తాం. పాత ఫైళ్లన్నీ పేజ్‌మేకర్ 7లో, యూనికోడ్ రాకముందటి ఫాంట్లలో ఉన్నాయి. మా దగ్గర అవి విండోస్ ఎక్స్‌పీలోనే సరిగ్గా తెరుచుకుంటాయి. అందుకని విండోస్ 11 మీద వర్చువల్‌బాక్స్ (ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి అందులో ఎక్స్‌పీ నడుపుతున్నాం. ఇంకో వీఎంలో (అలా లోపల నడిచే వర్చువల్ మెషిన్‌లో) ఉబుంటు 24.04 లైనక్స్ ఉంది. స్కాన్ చేసిన పాత పుస్తకాల పేజీలు శుభ్రం చేసే పని అందులో జరుగుతుంది.

ఈమధ్య 49 అంగుళాల మానిటర్ తీసుకున్నాం, 5120×1440. ఎడమ పక్క పేజ్‌మేకర్‌లో రెండు పేజీలు, కుడి పక్క కస్టమర్ పంపిన మ్యాటర్ పెట్టుకుని పని చేయాలని ఆశ. విండోస్ 11 బాగానే ఉంది. గొడవంతా వీఎంలతోనే:

ఎక్స్‌పీలో డిస్‌ప్లే సెట్టింగ్స్‌కి వెళితే నాలుగైదు పాత రిజల్యూషన్లు మాత్రమే ఉన్నాయి, వైడ్‌వి ఒక్కటీ లేదు. ఫుల్‌స్క్రీన్ పెడితే మధ్యలో చతురస్రం, రెండు పక్కలా నలుపు.

ఉబుంటు కొంచెం మేలు. విండో లాగితే దాంతోపాటు సాగుతుంది గానీ ఒక హద్దు దాటి రాదు. ఫుల్‌స్క్రీన్ అంటే వీడియో మెమరీ చాలదని మెసేజ్ వస్తోంది.

స్కేల్డ్ మోడ్ పెట్టి చూశాం. స్క్రీన్ పెద్దదవుతుంది, అక్షరాలు మసకబారతాయి. ‘కథ’లో థ పొట్టలోని చుక్క పూడిపోయి ధ లాగా కనిపిస్తోంది. ప్రూఫ్ చూసే చోట ఇది చిన్న సంగతి కాదు. పెళ్లికొడుకు తండ్రి పేరు దశరథ అయితే, ఆ చుక్క ఉందో లేదో తెలియకుండా పత్రిక ఎట్లా ప్లేట్‌కి పంపేది?

పాత ఫైళ్లను యూనికోడ్‌కి మార్చమనే సలహా వద్దండీ. కొత్త పనులన్నీ మార్చేశాం. పాతవి మారిస్తే ఒత్తులు చెదిరిపోతున్నాయి, మళ్లీ అక్షరం అక్షరం చూసుకోవాలి.

గ్రీమ్స్‌పేట_సిస్టమ్స్ · చిత్తూరు

అన్నా, వీఎం సంగతి తర్వాత చూద్దాం. ముందు హోస్ట్, అంటే అసలు కంప్యూటర్‌లోని విండోస్ 11, ఏం చూపిస్తా ఉందో చెప్పు. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, దాని కింద అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే. అక్కడ రిజల్యూషన్ ఎంత, హెర్ట్జ్ ఎంత, స్కేల్ శాతం ఎంత? మూడూ రాయి.

కేబుల్ ఏది పెట్టినావు? మా అంగడికి ఇట్లాంటి మానిటర్లు తెచ్చేవాళ్లలో చానామంది పాత హెచ్‌డీఎంఐ కేబుల్, పాత ల్యాప్‌టాప్‌తోనే వస్తారు. హెచ్‌డీఎంఐ 1.4 పిక్సెల్ క్లాక్ (పిక్సెల్స్ పంపే వేగం) 340 మెగాహెర్ట్జ్‌తో సరి. 5120×1440 ని 60 హెర్ట్జ్‌లో పంపాలంటే దాదాపు 469 కావాల. అందుకే అది 30 హెర్ట్జ్‌కి దిగిపోతాది, లేదంటే తక్కువ రిజల్యూషన్‌లో ఆగిపోతాది. హెచ్‌డీఎంఐ 2.0 అయితే 600 దాకా పోతాది కాబట్టి 60 హెర్ట్జ్‌కి సరిపోతాది. 120 కావాలంటే డిస్‌ప్లేపోర్ట్ 1.4 పెట్టుకో. హోస్ట్‌కే లేని రిజల్యూషన్ ఫుల్‌స్క్రీన్‌లో గెస్ట్‌కి, అంటే వీఎం లోపలి సిస్టమ్‌కి, యాడ్నించి వస్తాది?

కోర్లగుంట_ప్రెస్ · తిరుపతి

హోస్ట్‌లో 5120×1440, 60 హెర్ట్జ్ చూపిస్తోంది. కేబుల్ డిస్‌ప్లేపోర్ట్. స్కేల్ 125 శాతం, నాన్నగారికి చిన్న అక్షరాలు ఆనవు కాబట్టి పెంచాం. వీఎంలలో డిస్‌ప్లే సెట్టింగ్స్ ఏమీ ముట్టుకోలేదు, మొదట్లో ఎలా వచ్చాయో అలాగే ఉన్నాయి.

ఏర్పేడు_హాస్టల్ · తిరుపతి

అన్నా, ఉబుంటు సంగతి నేను చెప్తాను, అది లెక్కతో తేలిపోతుంది.

ఒక పిక్సెల్‌కి 4 బైట్లు. 5120 × 1440 × 4 = 2,94,91,200 బైట్లు, అంటే 28 ఎంబీ పైచిలుకు. లైనక్స్ వీఎం కొత్తగా చేస్తే వర్చువల్‌బాక్స్ మామూలుగా ఇచ్చేది 16 ఎంబీ వీడియో మెమరీ. ఒక ఫ్రేమ్ పట్టడానికే చోటు లేదు, అందుకే ఆ మెసేజ్. 2560×1440 అయితే 14 ఎంబీ చిల్లర, 16లో ఇమిడిపోతుంది. మీ ఉబుంటు విండో ఆగిపోయే హద్దు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది చూడండి. 3440×1440 కి దాదాపు 19 ఎంబీ కావాలి. 34 అంగుళాల వైడ్ కొన్నవాళ్లకీ ఇదే గొడవ రావడానికి కారణం అది.

వీఎంని పూర్తిగా షట్‌డౌన్ చేయండి. సేవ్ స్టేట్‌లో ఉంటే ఈ సెట్టింగ్ మారదు. తర్వాత సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, వీడియో మెమరీ స్లైడర్ 128 దాకా లాగండి. గ్రాఫిక్స్ కంట్రోలర్ ఉబుంటుకి వీఎంఎస్‌వీజీఏ ఉండాలి.

ఇంకొకటి. ఒక్క వీఎం సెట్టింగ్స్‌లో కాదు, వర్చువల్‌బాక్స్ మొత్తానికి ఉండే ప్రిఫరెన్సెస్‌లో డిస్‌ప్లే అని ఉంటుంది. అక్కడ గెస్ట్ స్క్రీన్ గరిష్ఠ సైజు ఆటోమేటిక్ అని ఉంటే నన్ అని పెట్టండి. మెమరీ ఎంత ఇచ్చినా ఇక్కడ గీత గీసి ఉంటే గెస్ట్ దాన్ని దాటదు.

అప్పటికీ రాకపోతే హోస్ట్ కమాండ్ ప్రాంప్ట్ నుంచి వీబాక్స్‌మేనేజ్‌కి కంట్రోల్‌వీఎం, వీఎం పేరు, సెట్‌వీడియోమోడ్‌హింట్, ఆ తర్వాత 5120 1440 32 ఇవ్వండి. వీఎం నడుస్తుండగానే ఇవ్వాలి.

తిలక్_రోడ్_కోడర్ · తిరుపతి

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. నాది వీఎంవేర్ వర్క్‌స్టేషన్ (వర్చువల్‌బాక్స్ లాంటిదే ఇంకొకటి), 3440×1440, గెస్ట్ డెబియన్ లైనక్స్. 2024 నవంబర్ నుంచి అందరికీ ఉచితం అయింది కదా అని దానికి మారాను. ఫుల్‌స్క్రీన్‌లో 2560 దగ్గరే ఆగుతోంది.

ఏర్పేడు_హాస్టల్ · తిరుపతి

డెబియన్‌లో ఓపెన్‌వీఎం టూల్స్ (వీఎంవేర్ గెస్ట్‌కి కావాల్సిన సహాయక ప్రోగ్రాములు) ఒక్కటే వేసుంటారు. దాని డెస్క్‌టాప్ ప్యాకేజీ వేరేగా ఉంటుంది, స్క్రీన్ సైజు మార్చే పని దానిది. వేసి ఒకసారి లాగవుట్ అవ్వండి. తర్వాత వీఎం సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేకి వెళ్లి, హోస్ట్ మానిటర్ సెట్టింగ్ వాడమని ఉన్నదాన్ని తీసేసి, ఒక్క మానిటర్ గరిష్ఠ రిజల్యూషన్ అన్న చోట 3440×1440 మీరే టైప్ చేయండి.

తిలక్_రోడ్_కోడర్ · తిరుపతి

డెస్క్‌టాప్ ప్యాకేజీతోనే పని అయిపోయింది. థాంక్స్ తమ్ముడూ.

గ్రీమ్స్‌పేట_సిస్టమ్స్ · చిత్తూరు

ప్రెస్ అన్నా, నీ ఎక్స్‌పీ గురించి ఎవురూ చెప్పలా. దాని కథ వేరే. నీకు సగం స్క్రీన్, 2560×1440, చాలు కదా? దానికి మెమరీ కొరత లేదు, 16 ఎంబీలోనే పడతాది. అక్కడ లేనిది డ్రైవరు. గెస్ట్ అడిషన్స్ (వర్చువల్‌బాక్స్‌తో గెస్ట్ కోసం వచ్చే డ్రైవర్లు) వేయకుండా ఎక్స్‌పీ పెడితే దానికి తెలిసినవి ఆ నాలుగైదు సైజులే.

కంట్రోలర్ వీబాక్స్‌వీజీఏ పెట్టు. విండోస్ 7 కంటే ముందు వాటికి అదే. ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 ఉండాల. డివైసెస్ మెనూలో గెస్ట్ అడిషన్స్ సీడీ పెట్టి ఇన్‌స్టాల్ చెయ్. నీ వర్చువల్‌బాక్స్ కొత్తదయ్యి ఎక్స్‌పీలో ఎక్కనంటే 6.1 వరస ఐఎస్‌ఓ తీసుకుని ప్రయత్నించు. వేసే ముందు ఒక స్నాప్‌షాట్ (తేడా వస్తే వెనక్కి పోవడానికి వీఎం ఇప్పటి స్థితి) తీసిపెట్టుకో, ఫైళ్లు కూడా బయట ఒక కాపీ ఉండనీ. రీస్టార్ట్ అయినాక వ్యూ మెనూలో ఆటో రీసైజ్ టిక్ ఉందో లేదో చూడు.

బాలాజీ_కాలనీ · తిరుపతి

ఎక్స్‌పీ వాడేవాళ్లు దయచేసి ఇది కూడా చేయండి: వీఎం సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ తీసేయండి. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. కస్టమర్ల ఫోన్ నంబర్లు, అడ్రసులు ఉన్న ఫైళ్లు అందులో పెట్టుకుని ఇంటర్నెట్‌కి వదలడం ప్రమాదం. ఫైళ్లు షేర్డ్ ఫోల్డర్ ద్వారా అటూ ఇటూ పంపుకోవచ్చు.

కోర్లగుంట_ప్రెస్ · తిరుపతి

నెట్‌వర్క్ ముందునుంచీ తీసేసే ఉందండీ, షేర్డ్ ఫోల్డరే వాడుతున్నాం.

ఇప్పుడు పరిస్థితి: ఎక్స్‌పీ అడిషన్స్‌తో 2560×1440 కి వచ్చింది. ఏ4 రెండు పేజీలు పక్కపక్కన 96 డీపీఐ లెక్కన 1,588×1,123 పిక్సెల్స్ కాబట్టి వంద శాతం సైజులో పెట్టినా టూల్‌బాక్సుకీ, స్టైల్స్ పట్టీకీ చోటు మిగిలింది. ఇంతకాలం పేజీ పైకి కిందికి జరుపుతూ చూసిన చోట ఇప్పుడు పత్రిక మొత్తం ఒక్క చూపులో ఆనుతోంది.

ఉబుంటు 128 ఎంబీ ఇచ్చాక 5120×1440 ఫుల్‌స్క్రీన్ వచ్చేసింది. చిన్న ప్లేటు మీద పెద్ద షీటు ఎత్తాలని చూసినట్టే ఉంది ఇన్నాళ్లూ. కానీ ఇంకో రెండు చిక్కులు. ఉబుంటులో విండో పట్టుకుని లాగితే అంచెలంచెలుగా కదులుతోంది, మౌస్ కూడా బరువుగా ఉంది. ఎక్స్‌పీలో సైజు సరిపోయింది గానీ అక్షరాల మసక పూర్తిగా పోలేదు. స్కేల్డ్ మోడ్ తీసేశాను కూడా.

ఏర్పేడు_హాస్టల్ · తిరుపతి

మసకకి కారణం ఆ 125 శాతం అయ్యుంటుంది. గెస్ట్ ఇచ్చిన ఒక్కో పిక్సెల్‌ని విండోస్ ఒకటింపావు పిక్సెల్‌గా పరుస్తోంది. పావు పిక్సెల్ అంటూ ఉండదు కదా, పక్కవాటితో కలిపి బూడిదరంగు వేస్తుంది. థ చుక్క పూడేది అక్కడే. ఇంగ్లిష్ అక్షరాలకు ఇది అంతగా తెలియదు. మనకి తలకట్టు, గుడి, సుడి, కింద ఒత్తు అన్నీ ఒకటి రెండు పిక్సెల్స్ మందంలో ఉంటాయి కాబట్టి వెంటనే పట్టేస్తుంది.

వర్చువల్‌బాక్స్ ప్రోగ్రామ్ ఫైల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, హై డీపీఐ సెట్టింగ్స్ మార్చే బటన్. కింద స్కేలింగ్ ఓవర్‌రైడ్ టిక్ పెట్టి అప్లికేషన్ అని ఎంచుకోండి. వీఎం విండోని తెరిచే ఫైల్ వేరే ఉంటుంది, పేరు చివర వీఎం అని ఉంటుంది. దానికి కూడా పెట్టండి. తర్వాత వీఎం నడుస్తుండగా వ్యూ మెనూ, వర్చువల్ స్క్రీన్, అక్కడ స్కేల్ 100 శాతం ఉందో లేదో చూడండి. నొక్కిన చోట కాకుండా పక్కన క్లిక్ పడే ఇబ్బంది ఎవరికైనా ఉంటే అది కూడా చాలాసార్లు దీంతోనే సర్దుకుంటుంది.

బాలాజీ_కాలనీ · తిరుపతి

49 అంగుళాల్లో 5120×1440 అంటే అంగుళానికి దాదాపు 108 పిక్సెల్స్. 27 అంగుళాల 2560×1440 మానిటర్‌తో సమానం. ఈ మానిటర్‌కి 100 శాతమే సరైనది. పెద్దాయన కోసం స్కేల్ పెంచే బదులు టెక్స్ట్ సైజు పెంచండి. యాక్సెసిబిలిటీలో టెక్స్ట్ సైజు విడిగా ఉంది. మెనూలు, మెయిళ్లు పెద్దవవుతాయి, వీఎం చిత్రం పిక్సెల్‌కి పిక్సెల్ అలాగే ఉంటుంది.

తిలక్_రోడ్_కోడర్ · తిరుపతి

ఉబుంటు నిదానం గురించి: సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిచి గ్రాఫిక్స్ అన్న చోట ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని ఉందా చూడండి. ఉంటే గ్రాఫిక్ కార్డు చేయాల్సిన పనంతా ప్రాసెసరే చేస్తోందని అర్థం. ఫుల్ హెచ్‌డీలో 20,73,600 పిక్సెల్స్. మీ దాంట్లో 73,72,800, అంటే మూడున్నర రెట్లు. ఒక్క ఫ్రేమ్ 2.9 కోట్ల బైట్లు, సెకనుకి 60 ఫ్రేములంటే 177 కోట్ల బైట్లు కదలాలి, అదీ ప్రాసెసర్ మీదుగా.

డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 3డీ యాక్సిలరేషన్ పెట్టి చూడండి. కొన్ని మెషిన్లలో దాంతో స్క్రీన్ నల్లగా వస్తుంది, అప్పుడు తీసేయాలి. తీసేయాల్సి వస్తే ఉబుంటుతో వచ్చే గ్నోమ్ డెస్క్‌టాప్ వదిలేసి తేలికపాటి ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసుకోండి, కంపోజిటింగ్ (విండోల నీడలు, పారదర్శకత లాంటివి) కూడా ఆపండి. ప్రాసెసర్ కోర్లు కనీసం నాలుగు ఇవ్వండి.

ఇంకా వీఎం విండో కింద పట్టీలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఉందా? ఉంటే విండోస్ తన సొంత వర్చువల్ మెషిన్ వ్యవస్థ హైపర్‌వీని కింద నడుపుతోంది, వర్చువల్‌బాక్స్ దాని మీదుగా నడవాల్సి వస్తోంది. నిదానానికి అదీ ఒక కారణం. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్, మెమరీ ఇంటిగ్రిటీ ఆపేస్తే చాలాసార్లు తాబేలు పోతుంది.

బాలాజీ_కాలనీ · తిరుపతి

చివరి సలహాతో నేను ఒప్పుకోను. అదే మెషిన్‌లో ప్రెస్ వాళ్లు బ్యాంకు పనీ, జీఎస్‌టీ పనీ చేసుకుంటారు. మెమరీ ఇంటిగ్రిటీ అనేది చెడ్డ డ్రైవర్లు కెర్నల్‌లోకి రాకుండా కాపాడేది. విండో కొంచెం చకచకా కదలడం కోసం దాన్ని ఆపమనడం సరికాదు. ముందు రిజల్యూషన్ తగ్గించి చూడమనండి.

తిలక్_రోడ్_కోడర్ · తిరుపతి

మీ మాట సబబే. ఒక్క వీఎంలకే పెట్టుకున్న మెషిన్ అయితే నా సలహా, బ్యాంకు పని ఉన్నదాంట్లో ముట్టుకోవద్దు. ప్రెస్ అన్నా, ముందు 3డీ సంగతీ, ఎక్స్‌ఎఫ్‌సీఈ సంగతీ చూడండి.

తాళపత్రం · తిరుపతి

నేను ఇంట్లో కూర్చుని తాళపత్రాల స్కాన్లు చూసి ఎత్తి రాస్తుంటాను. ఆకు పొడవు జాస్తి, వెడల్పు వేలెడు. మామూలు మానిటర్‌లో పంక్తి మధ్యలో ఉండగా పక్కకు జరపాలి, జరిపేసరికి పంక్తి తప్పిపోతుంది. అల్ట్రావైడ్‌లో ఆకు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకేసారి కనిపిస్తుంది. ఈ పనికి ఇంతకంటే తగిన స్క్రీన్ లేదు. అందుకే 5120 వెడల్పు పూర్తిగా వదులుకోవడం నాకు కుదరదు.

నాది హోస్ట్ కూడా లైనక్సే, కేవీఎం (లైనక్స్‌లోనే ఉండే వీఎం వ్యవస్థ) మీద వర్ట్‌మేనేజర్ (దాన్ని నడిపే ప్రోగ్రామ్). ఇక్కడ లెక్క అదే, పేరు వేరు. వీడియో మోడల్ క్యూఎక్స్‌ఎల్ అయితే ఎక్స్‌ఎంఎల్‌లో వీజీఏమెమ్ అని ఉంటుంది, మామూలుగా 16384, అంటే 16 ఎంబీ. 2560×1600 దాకా పడుతుంది, అక్కడితో సరి. ప్రిఫరెన్సెస్‌లో ఎక్స్‌ఎంఎల్ ఎడిటింగ్ అనుమతించి, దాన్ని 65536 చేశాను, ర్యామ్ అన్నదాన్ని 131072 చేశాను. గెస్ట్‌లో స్పైస్ వీడీఏజెంట్ (విండో సైజు మారితే గెస్ట్‌కి చెప్పే ప్రోగ్రామ్) ఉండాలి. వ్యూ, స్కేల్ డిస్‌ప్లేలో విండోతోపాటు సైజు మారే టిక్ పెట్టాలి. అదే మెనూలో స్కేలింగ్ నెవర్ అని ఉండాలి, లేకపోతే చిత్రం సాగదీస్తుంది, ఒత్తులు చెదిరిపోతాయి. కొత్తగా పెట్టేవాళ్లు మోడల్ వర్టియో ఎంచుకుంటే ఈ వీజీఏమెమ్ బాధే ఉండదు.

మురకంబట్టు · చిత్తూరు

ఇంకో దారి చెప్తాను. 5120×1440 అంటే సరిగ్గా రెండు 2560×1440 లు. ఈ సైజు మానిటర్లలో చాలావాటికి పిక్చర్ బై పిక్చర్ (రెండు కేబుళ్ల చిత్రాలు పక్కపక్కన చూపడం) ఉంటుంది. ఒకే కంప్యూటర్ నుంచి రెండు కేబుళ్లు రెండు పోర్టుల్లో పెట్టి అది ఆన్ చేస్తే విండోస్‌కి రెండు మానిటర్లుగా కనిపిస్తుంది. ఎడమ దాంట్లో ఎక్స్‌పీ ఫుల్‌స్క్రీన్, కుడి దాంట్లో హోస్ట్. రైట్ కంట్రోల్‌తో ఎఫ్ నొక్కితే ఆ సగమే నిండుతుంది. నా టాలీ వీఎం ఇట్లనే నడుస్తా ఉంది.

శ్రీకాళహస్తి_రోడ్ · తిరుపతి

హైపర్‌వీలో ఇదే చేయొచ్చా? విండోస్ 11 ప్రో ఉంది నా దగ్గర, గెస్ట్ విండోస్ 10.

ఏర్పేడు_హాస్టల్ · తిరుపతి

చేయొచ్చు. విండోస్ గెస్ట్ అయితే ఎన్‌హాన్స్‌డ్ సెషన్ వాడండి, అది లోపల రిమోట్ డెస్క్‌టాప్. కనెక్ట్ అయ్యేటప్పుడు వచ్చే స్లైడర్ చివరికి లాగితే ఫుల్‌స్క్రీన్. వెడల్పు 8192 దాకా పడుతుంది కాబట్టి 5120కి ఇబ్బంది లేదు. లైనక్స్ గెస్ట్ బేసిక్ సెషన్‌లో 1920×1080 దగ్గర ఆగితే, వీఎం ఆపి, పవర్‌షెల్‌లో సెట్ వీఎంవీడియో అనే కమాండ్‌తో రిజల్యూషన్ ఇవ్వాలి.

కోర్లగుంట_ప్రెస్ · తిరుపతి

స్కేల్ 100కి దించి, నాన్నగారికి టెక్స్ట్ సైజు పెంచాను. డీపీఐ ఓవర్‌రైడ్ రెండు ఫైళ్లకీ పెట్టాను. ఎక్స్‌పీలో థ చుక్క, క్ష కింద ఒత్తు అన్నీ ప్రింట్‌లో పడినట్టే కనిపిస్తున్నాయి. నాన్నగారు కళ్లజోడు తుడుచుకుని, దగ్గరికి వచ్చి ఒక శతకం పేజీ మొత్తం చదివి, ‘ఇప్పుడు ప్రూఫ్ కాగితం మీద తీయకుండా ఇక్కడే చూస్తాను’ అన్నారు. మాకు అంతకంటే కావాల్సింది లేదు.

ఉబుంటులో ఎల్‌ఎల్‌వీఎంపైప్ అనే ఉంది. 3డీ పెడితే నల్ల స్క్రీన్ వచ్చింది, తీసేసి ఎక్స్‌ఎఫ్‌సీఈ వేశాను. పేజీలు శుభ్రం చేసే పనికి 2560×1440 విండో చాలు, దాంట్లో హాయిగా కదులుతోంది. తాబేలు ఉంది, ఉండనిచ్చాను.

మురకంబట్టు గారు చెప్పిన పిక్చర్ బై పిక్చర్ కూడా చూశాను. మాకు ఒక్కోసారి పెద్ద ఫ్లెక్సీ డిజైన్ మొత్తం వెడల్పులో చూడాలి, ప్రతిసారీ మానిటర్ మెనూలో మార్చుకోవాలి కాబట్టి విండో పద్ధతే ఉంచుకున్నాం.

గ్రీమ్స్‌పేట_సిస్టమ్స్ · చిత్తూరు

సంతోషం అన్నా. ఒక మాట గుర్తు పెట్టుకో. ఉబుంటు కెర్నల్ అప్‌డేట్ అయినాక ఒక దినం పొద్దున ఉన్నట్టుండి స్క్రీన్ మళ్లా చిన్నదైపోతే, మెమరీ తట్టు పోవద్దు. గెస్ట్ అడిషన్స్ మాడ్యూల్ కొత్త కెర్నల్‌కి మళ్లా కట్టుకోలేదని అర్థం. మాడ్యూల్ కట్టడానికి కావాల్సిన హెడర్స్, జీసీసీ, మేక్ ఉండాయో లేదో చూసి అడిషన్స్ ఇంకొక తూరి వెయ్. వీఎంలో సెక్యూర్ బూట్ ఆన్ ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ని ఎక్కనివ్వదు, అదీ చూసుకో.

సంతపేట_వీడియో · చిత్తూరు

చదివి చాలా నేర్చుకున్నాను. నేను 40 అంగుళాల 5120×2160 తీసుకుందామని ఉన్నాను, వీఎంలో రెండు వర్చువల్ మానిటర్లు పెట్టాలని ఆలోచన. 128 ఎంబీ సరిపోతుందా?

ఏర్పేడు_హాస్టల్ · తిరుపతి

5120 × 2160 × 4 అంటే 42 ఎంబీ పైన. రెండు పెడితే దాదాపు 85, కాబట్టి 128లో పడుతుంది. 7680×2160 తీసుకుంటే మాత్రం ఒక్కోదానికి 63 దాటుతుంది, రెండు కలిసి 127 దగ్గరికి వస్తాయి, అసలు ఊపిరాడదు. అప్పుడు స్లైడర్ వదిలేసి వీబాక్స్‌మేనేజ్‌లో మాడిఫైవీఎంతో వీర్యామ్ (వీడియో మెమరీ) 256 ఇవ్వండి. 40 అంగుళాల్లో అంగుళానికి 139 పిక్సెల్స్ వస్తాయి, 100 శాతంలో అక్షరాలు బాగా చిన్నగా ఉంటాయి. హోస్ట్ స్కేల్ ఎంత పెట్టుకున్నా వీఎం చిత్రం మాత్రం సాగకుండా ఉంచి, గెస్ట్ లోపలే ఫాంట్ సైజు పెంచుకోండి.